మిరప ఘాటు అనుకున్నాం

ఈత కొలను దగ్గర పనిచేసి మానేశానంటే ఎవరైనా ముందు అడిగేది, నీకు ఈతొచ్చా అని. రాదు. నీళ్ళంటే నాకు భయం. మోకాలి లోతు కాలవైనా ఇంకొకళ్ళ చెయ్యి పట్టుకునే దాటతాను. నా పని నీళ్ళల్లో కాదు, ఒడ్డున. బట్టలు మార్చుకునే గదులు కడగడం, ఆడపిల్లల తలలు తుడవడం, ఎవరి తువ్వాలు వాళ్ళకి అందించడం. ఇప్పుడు ఊరూరా కొలనులు వచ్చాయి. మీలాంటి చిన్నవాళ్ళు వాటిల్లో పనికి చేరుతున్నారు. మునిగిపోయేవాణ్ణి ఎలా లాగాలో మీకు నేర్పేవాళ్ళు ఉంటారు. ఒంటికి నీటి చుక్క తగలకుండానే మనిషికి ఊపిరాడకపోవడం కూడా అక్కడ జరుగుతుందని చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై దగ్గర పడ్డాక వచ్చాయి. మనవరాలు ఒకటో తరగతిలో ఉండగా దాని పలక మీద, దాని పక్కన కూచుని దిద్దుకున్నాను. రాత వంకరగా ఉంటే సర్దుకోండి.

ఆ కొలను చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఉండేది. ఒక పక్క పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు, ఇంకో పక్క మిరపకాయల కోల్డ్ స్టోరేజీ, మధ్యలో మాది. మిల్లు నుంచి దూది నుసి ఎగిరొచ్చి నీళ్ళ మీద పడేది. వేసవిలో కోల్డ్ స్టోరేజీకి బస్తాలు వచ్చినప్పుడల్లా ఘాటు లేచి మా వైపుకి కొట్టేది. పిల్లలు దగ్గేవాళ్ళు, తుమ్మేవాళ్ళు. లారీవాళ్ళ చూపు పడకూడదనీ, ఘాటు రాకూడదనీ యజమాని కొలను చుట్టూ ఎత్తుగా గోడ కట్టించాడు. ఘాటు గోడ దాటి వస్తూనే ఉండేది. ఒకసారి వచ్చాక మాత్రం బయటికి పోయేది కాదు. ఆ సంగతి మాకు రోజూ తెలుస్తూనే ఉండేది గానీ దాన్ని గురించి ఎవరూ ఆలోచించలేదు. గుంటూరు మిరప యార్డుల్లో పెరిగిన ముక్కులు మావి. దగ్గు వస్తే దగ్గుతాం, ముక్కు చీదుకుంటాం, పనిలో పడతాం.

నాతోపాటు పనిచేసే ఆవిణ్ణి అందరం అక్క అనేవాళ్ళం. కొలనుకి రాకముందు ఆవిడ యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళకి మేస్త్రి. గొంతు విప్పితే హైవే మీద లారీ ఆగాల్సిందే. ఒకప్పుడు గోడౌనులో మిరప బస్తాలు రాజుకుని పొగ కమ్మితే, లోపలున్న ఆడవాళ్ళందర్నీ కింద కూర్చోబెట్టి, తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టించి, నేల మీద పాకించుకుంటూ బయటికి తెచ్చిందట. పొగ పైకి పోతుంది, గాలి కింద మిగులుతుంది. మిరపకాయల్లో బతికినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంట్లో పోపులో ఎండుమిరపకాయ మాడినా మా పిల్లలు దభాలున కింద కూచుంటారు.

ఇంకొకడు నీళ్ళ దగ్గర కాపలా కాసే కుర్రాడు, లైఫ్‌గార్డు. ఎత్తు కుర్చీ ఎక్కి కూచుని పొద్దంతా ఫోను చూసుకునేవాడు. అక్కకి వాణ్ణి చూస్తేనే ఒళ్ళుమంట.

“ఏరా, ఆ కుర్చీకి అతుక్కుపోయావా? దిగొచ్చి ఆ చెప్పులన్నా సర్దొచ్చుగా!”

“దిగితే నా ఉద్యోగం పోద్దే పెద్దమ్మా. ఎక్కి కూచోటానికే నాకు జీతం.”

“చెప్పొచ్చావులే. మా జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలేవాడు నీకన్నా నయం. వాడు కనీసం అరుస్తాడు.”

వాడు నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

నాలుగో మనిషి మోటార్లు చూసే ఆయన. మోటారాయన అనేవాళ్ళం. మాట తక్కువ, పని నెమ్మది. కొలనులో నీళ్ళు ఎప్పుడూ పైపుల్లో తిరుగుతూ ఉండాలి. ఆ పైపులోకి రెండు డ్రమ్ముల్లోంచి మందులు చుక్క చుక్కగా దిగుతుంటాయి. ఒకదాంట్లో క్లోరిన్, ఇంకోదాంట్లో యాసిడ్. విడివిడిగా, పారే నీళ్ళల్లో కలిస్తే అవి నీళ్ళని శుభ్రం చేస్తాయి. రెండూ ఒకదానికొకటి తగిలితే ఏమవుతుందో ఆ రోజుదాకా మాలో ఒక్కరు కూడా చూసి ఎరగరు.

ఇక మా మనవరాలి సంగతి. దానికి పుట్టుకతోనే ఆయాసం. చలికాలం వస్తే చాలు, ఛాతీలో పిల్లి కూసేది. సంచీలో పుస్తకాలతో పాటు నోట్లో కొట్టుకునే స్ప్రే కూడా పెట్టుకుని బడికి పోయేది. ఈత కొడితే ఊపిరితిత్తులు గట్టిపడతాయని డాక్టరు చెప్పాడు. దాని తల్లి, అంటే నా కూతురు, స్పిన్నింగు మిల్లులో పనికి పోయేది. అందుకని వేసవి సెలవుల్లో పిల్లని నా వెంట కొలనుకి తెచ్చుకునేదాన్ని. యజమాని కాదనలేదు. రెండో తరగతి పూర్తిచేసిన పిల్ల, నీళ్ళల్లోకి దిగితే పైకి రానని ఏడ్చేది. నేను మాత్రం దాని తల నీళ్ళ కింద మాయమైన ప్రతిసారీ చీపురు వదిలి గట్టు దాకా వచ్చి చూసేదాన్ని. నేను భయపడిందల్లా నీళ్ళకే. గాలికి భయపడాలని నాకెలా తెలుస్తుంది?

ఆ వేసవికి కొత్తగా జనరేటరు పెట్టారు. వైరింగు చేసినవాడు ఆఫీసునీ, లైట్లనీ, వాటితో పాటు మందులు దించే చిన్న మిషన్నీ జనరేటరుకి కలిపాడు. నీళ్ళు తిప్పే పెద్ద మోటారుని కలపలేదు. అంతకుముందు కరెంటు పోతే అన్నీ ఒకేసారి ఆగిపోయేవి. ఇప్పుడు మోటారు ఆగుతుంది, మందులు దిగుతూనే ఉంటాయి. అది ఎవరి బుర్రకీ తట్టలేదు.

పొద్దుటి బ్యాచి పిల్లలు నీళ్ళల్లో ఉండగా కరెంటు పోయింది. జనరేటరు డబడబమంటూ అందుకుంది. పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు. కదలని పైపులో రెండు మందులూ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. కాసేపటికి కరెంటొచ్చింది. మోటారాయన ఎప్పటిలాగే పెద్ద మోటారు వేశాడు.

నేను గదిలో నేల కడుగుతున్నాను. బయట దగ్గు వినపడింది. పక్కన బస్తాలు దించుతున్నారనుకున్నాను. చీపురు ఆపలేదు. దగ్గు ఎక్కువైంది. అది పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దగ్గే దగ్గు కాదు, అందరూ ఒక్కసారే దగ్గుతున్నారు. అంతలో అక్క గొంతు లేచింది.

“ఘాటు! ఘాటొచ్చింది! బయటికి రండర్రా! గోడ వారన కూచోండి! కిందకి, కిందకి!”

నేను బయటికి వచ్చేసరికి లోతు తక్కువ వైపు, నీళ్ళు వచ్చే రంధ్రాల దగ్గర, నీళ్ళు మరిగినట్టు బుడగలొస్తున్నాయి. వాటి మీద సన్నటి తెర ఒకటి పాకుతోంది. పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు. బ్లీచింగు బస్తాలో తల దూర్చినట్టు వాసన. ముక్కులో కాదు, గొంతులో గుచ్చుకుంది. కళ్ళు మూతలు పడ్డాయి. గేటు ఆ తెరకి అవతల ఉంది. అటు పోవడానికి లేదు.

పిల్లలంతా గోడ వారన వరసగా గొంతుక్కూచుని ఉన్నారు. అక్క తువ్వాళ్ళని కొలనులోనే ముంచి, పిండి, ఒక్కొక్కళ్ళ మొహానికి అడ్డం పెడుతోంది. చిన్నపిల్లలిద్దర్ని తన కొంగు కిందకి లాక్కుని తనూ నేల మీదే చతికిలబడింది. గోడౌనులో ఆడవాళ్ళని ఎలా కాపాడిందో అచ్చం అలాగే చేస్తోంది. పిల్లలూ మాట విన్నారు. మా ప్రాంతపు పిల్లలు కదా, ఘాటొస్తే కింద కూచోవాలని తెలుసు. ఆ వరస చివర మా పిల్ల ఉంది.

దాని పక్కకి పోయి నేనూ కూచున్నాను. కూచోగానే ఛాతీ మీద రుబ్బురోలు పెట్టినట్టయింది. పిల్ల మొహం మీద తువ్వాలు తీసేసింది. పెదాలు నల్లబడుతున్నాయి.

“అమ్మమ్మా... కింద మండతంది.”

“ఓర్చుకో తల్లీ, పోద్ది. ఘాటేగా, పోద్ది.” ఇది అక్క. ఆవిడకే మాట రావడం లేదు.

అప్పుడు పైనుంచి కేక వినపడింది. లైఫ్‌గార్డు కుర్చీ మీద నిలబడి చేతులూపుతున్నాడు.

“లెగండి! కూచోకండి! పైకి రండి, పైకి!”

“నువ్వు నోర్మూసుకోరా!” అంది అక్క. “నీకేం తెలుసు ఘాటు సంగతి!”

“నాకు దగ్గు రావట్లా పెద్దమ్మా! ఇక్కడ దగ్గు రావట్లా! అది కిందే ఉంది, కనబడతంది నాకు. మీ నడుముల దాకా ఉంది!”

తలెత్తి చూశాను. వాడి కళ్ళల్లో నీళ్ళు లేవు. మాట తడబడడం లేదు. ఇంతమందిమి ఊపిరి అందక కొట్టుకుంటుంటే, కదలకుండా కుర్చీలో ఉన్నవాడు నిక్షేపంగా ఉన్నాడు. నాకు ఆ వాయువు పేరు తెలియదు. బరువుగా నేలని పట్టుకుని ఉంటుందని తెలియదు. వాడికీ తెలియదు. వాడి మొహం చూసి లేచానంతే. నిలబడగానే కొంచెం గాలి తగిలింది. వంగి పిల్లని ఎత్తుకోబోతే మళ్ళీ గొంతు పట్టేసింది. వంగినప్పుడల్లా పట్టేసింది. ఆ తేడా నా ఒంటికి తెలిశాక నాకు కలిగిన భయం అంతా ఇంతా కాదు. ఎందుకంటే అంతమంది పిల్లలు కిందే ఉన్నారు. మేమే కూర్చోబెట్టాం.

వాడు కుర్చీ దిగాడు. తెలిసి తెలిసి అందులోకి దిగాడు. చెరొక పిల్లనీ చంకనేసుకుని బట్టల గదుల పక్కనున్న మెట్లెక్కించాం. పైన డాబా, నీళ్ళ ట్యాంకూ. అక్కడ గోడకి పైన గాలి ఆడుతోంది. నడవగలిగిన పిల్లలు గోడ పట్టుకుని ఎక్కారు. వాడు మళ్ళీ మళ్ళీ దిగాడు. మోటారాయన కేకలు విని పరుగెత్తుకొచ్చి, మోటారు కట్టేసి, తనూ పిల్లల్ని మోశాడు. అందరికన్నా చివర వచ్చింది అక్క. రమ్మంటే రాలేదు. కొంగు కిందున్న ఇద్దర్నీ ముందు పంపించి, వరసంతా ఖాళీ అయ్యేదాకా ఆ నేల మీదే ఉంది. చివరికి ఆవిణ్ణి జబ్బలు పట్టుకుని ఈడ్చుకొచ్చాం.

డాబా మీద పిల్ల ఊపిరి తీసుకుంటుంటే నేను దాని ఛాతీ మీద చెవి పెట్టాను. పిల్లి కూతలు కావు. అంతకుముందు ఎప్పుడూ వినని చప్పుడు.

పేటలో ఆసుపత్రికి ఆటోల్లో, ఒక పత్తి లారీలో చేరాం. అక్కడ ఇంకో సంగతి జరిగింది. కొలను ఆఫీసులో కూచునే మేనేజరు మాకంటే ముందే అక్కడికి ఫోను చేసి, పక్క కోల్డ్ స్టోరేజీ ఘాటు తగిలిందని చెప్పాడు. మా ప్రాంతంలో ఆ మాట నమ్మని డాక్టరు ఎవరు? రోజూ వచ్చే కేసే. డాక్టరమ్మ కళ్ళు కడిగించింది, ఆక్సిజన్ పెట్టింది, ఆవిరి మందు పట్టించింది. మధ్యాహ్నానికి చాలామంది పిల్లలు తేరుకున్నారు. మా పిల్ల కూడా లేచి కూచుని ఐస్‌ఫ్రూట్ అడిగింది. నా ప్రాణం లేచొచ్చింది. తేరుకున్న పిల్లల్ని ఇళ్ళకి తీసుకుపొమ్మని నర్సు చెప్పడం మొదలుపెట్టింది. నా కూతురు మిల్లు నుంచి వచ్చి పిల్లకి గౌను తొడుగుతోంది. మా ఊరి బస్సు వేళైంది.

అప్పుడు మోటారాయన వార్డులోకి వచ్చాడు. యాసిడ్ మరకలున్న చొక్కాతోనే ఉన్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు.

“మిరపకాయలు కాదండి.”

“ఏం కాదు?”

“ఘాటు కాదండి. క్లోరినూ యాసిడ్డూ పైపులో కలిసినయ్యండి. కరెంటు పోయినా మిషను ఆగలేదు. నాకు తెలీక మోటారు వేశా. మేనేజరు గారు ఘాటని చెప్పమన్నారండి. పిల్లల్ని ఇంటికి పంపిస్తన్నారని విని వచ్చా.”

డాక్టరమ్మ వెంటనే నర్సు వైపు తిరిగింది. “ఎవర్నీ పంపొద్దు. బయట ఉన్నవాళ్ళని కూడా వెనక్కి పిలవండి. బస్టాండుకి మనిషిని పంపండి.” తర్వాత మాకు చెప్పింది. మిరప ఘాటు మండించి పోతుందట. ఇది అలా కాదట. ఊపిరితిత్తుల్ని లోపల కాల్చి, పైకి బాగున్నట్టే ఉంచి, గంటలు గడిచాక వాటిల్లో నీరు చేరుస్తుందట.

“ఆయాసమున్న పిల్లలెవరన్నా ఉన్నారా?” అంది.

నా కూతురు గౌను గుండీలు పెట్టడం ఆపేసింది.

ఆ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా నేను పడ్డ భయం పగవాడికి కూడా వద్దు. పిల్ల బాగానే ఉంది. కబుర్లు చెబుతోంది. నా వేళ్ళతో ఆడుకుంటోంది. నేను దాని మొహం చూడలేదు. దాని గౌను పైకెత్తి డొక్కలే చూస్తూ కూచున్నాను. చక్కిలిగింతలవుతున్నాయని నవ్వింది. నవ్వినా నాకు భయమే, దగ్గినా భయమే. ఎండ కిటికీ దిగిపోయే వేళకి కబుర్లు తగ్గించింది. నిద్రొస్తోందేమో అనుకుంది నా కూతురు. నేను చూస్తూనే ఉన్నాను. డొక్కలు లోపలికి పోవడం మొదలైంది. మొదట కొంచెం. తర్వాత ఎముక మీద ఎముక కనపడేంతగా ఎగరేసింది. నోటి చివర నురగ. నేను దాన్ని ఎత్తి కూచోబెట్టాను. పక్క మంచం దగ్గరున్న లైఫ్‌గార్డు అరిచాడు. క్షణాల్లో పిల్లని గాజు తలుపుల వెనక్కి తీసుకుపోయారు.

బస్సెక్కి ఉంటే ఆ వేళకి మేము మా ఊళ్ళో, డాక్టరు లేని చోట ఉండేవాళ్ళం. ఇది నేను తర్వాత ఆలోచించుకున్నాను. ఆ పూట ఏమీ ఆలోచించలేదు. గాజు తలుపు మీద నా ఊపిరి ఆవిరి పడుతుంటే చేత్తో తుడుచుకుంటూ నిలబడ్డాను.

పిల్ల బతికింది. చాలా రోజులు పట్టింది, కానీ బతికింది.

మోటారాయన ఉద్యోగం పోయింది. నిజం చెప్పినందుకు పోయిందని యజమాని అనలేదు, మోటారు వేసినందుకని అన్నాడు. జనరేటరుకి ఏం కలపాలో చెప్పినవాళ్ళు మాత్రం అక్కడే ఉన్నారు. తర్వాత ఆయన తాడేపల్లి వైపు ఎక్కడో అపార్టుమెంట్లలో నీళ్ళ మోటార్లు చూస్తున్నాడని విన్నాను. వెతుక్కుంటూ పోయి దణ్ణం పెట్టి వచ్చాను. ఆయన సిగ్గుపడి టీ తెప్పించాడు.

అక్కని ఆసుపత్రి నుంచి అందరికన్నా ఆఖరున పంపించారు. ఇంటికి పోతే మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. ఆ గొంతు లేదు. నాలుగు మాటలకొకసారి ఆగుతోంది.

“నేనే గదే, కూచోబెట్టింది,” అంది.

పక్కనున్న చుట్టాలు వద్దు వద్దు, అలా అనుకోవద్దు అన్నారు. నాకు అబద్ధం రాదు.

“అవునక్కా. నువ్వే కూచోబెట్టావు.”

“మరి తిట్టవేం?”

“నువ్వు అరవకపోతే నేనే అరిచేదాన్ని, కూచోమని. గుంటూరు జిల్లా ఆడది ఎవరున్నా అదే అరిచేది. చివరిదాకా కింద ఉన్నది మాత్రం నువ్వొక్కదానివే.”

ఆవిడ దిండు సర్దుకుని కాస్త పైకి జరిగింది. “ఆ కుర్రాడు ఏం చేస్తన్నాడు?” అంది. మళ్ళీ కుర్చీ ఎక్కాడని చెప్పాను. “దిగొద్దని చెప్పు,” అంది.

మీకు చెప్పేది ఇదే. కొలను దగ్గర ఉన్నట్టుండి అందరూ ఒక్కసారే దగ్గితే, కళ్ళు మండితే, అది ఘాటో ఏమిటో తేల్చుకుంటూ నిలబడకండి. అందర్నీ నీళ్ళల్లోంచి లేపి ఎత్తు మీదికి, గాలి వచ్చే వైపుకి తీసుకుపోండి. కూర్చోనివ్వకండి. మందులు కలిసిన ఆ కొలను నీళ్ళతో గుడ్డ తడపకండి. డాక్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మేనేజరు ఏమన్నా సరే.

మా పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. స్ప్రే ఇంకా సంచీలో ఉంటుంది, ముందుకన్నా తరచుగా తీస్తుంది. కిందటి వేసవిలో మళ్ళీ ఈతకి పోతానంది. దాని తల్లి ఏడ్చింది. నేను వద్దన్నాను. “నీళ్ళేం చేసినయ్యి అమ్మమ్మా నన్ను?” అంది. గుంటూరులో ఒక కొలనుకి తీసుకుపోయాను. ముందు పోయి మోటారు గది చూశాను. కరెంటు పోతే మందుల మిషను ఆగుతుందా అని అక్కడ మోటార్లు చూసేవాణ్ణి అడిగాను. ఆగుతుందన్నాడు. ఆపి చూపించమన్నాను. విసుక్కుంటూ చూపించాడు. తర్వాత పైకి ఎక్కే మెట్లు ఎటున్నాయో చూసుకున్నాను.

ఒడ్డున కుర్చీ వేసి, “కూచో మామ్మా,” అన్నాడు అక్కడి కుర్రాడు. వద్దన్నాను. బ్యాచి అయ్యేదాకా నిలబడే ఉన్నాను. ఇప్పటికీ వెళ్ళిన ప్రతిసారీ నిలబడే ఉంటాను. పిల్ల ఆ చివర నుంచి ఈ చివరకి నీళ్ళ కిందుగా వస్తుంది. దాని తల పైకి లేచి, నోరు తెరిచి గాలి పీల్చాక, అప్పుడు నేనూ ఊపిరి పీల్చుకుంటాను.